బిళ్ళలిచ్చే చోటే ఒక సూది కూడా

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో ఫారాల కోళ్ళు వేలకు వేలు చచ్చిపడ్డాయి. తణుకు దగ్గరి వేల్పూరు నుంచీ, పెరవలి మండలం కానూరు అగ్రహారం నుంచీ వెళ్ళిన నమూనాల్లో హెచ్5ఎన్1 వైరస్ ఉందని భోపాల్‌లోని పశువ్యాధుల ప్రయోగశాల తేల్చింది. ఆ కబురు పొక్కాక రాష్ట్రమంతటా చికెన్ కొట్ల వాళ్ళు ఈగలు తోలుకుంటూ కూర్చున్నారు. మార్చి 16న నరసరావుపేటకు చెందిన రెండేళ్ళ పాప మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసింది. పాపకు సోకింది హెచ్5ఎన్1 అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నిర్ధారించింది. ఈ వైరస్‌తో మన దేశంలో మనిషి చనిపోయినట్టు తేలడం అది రెండోసారి. మొదటిది 2021లో ఢిల్లీ ఎయిమ్స్‌లో పోయిన హర్యానా బాలుడు. పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని వార్తలొచ్చాయి. ఇంట్లో మిగతావాళ్ళకు పరీక్షలు చేస్తే ఏమీ లేదని తేలింది. వైద్య సిబ్బంది చుట్టుపక్కల ఇల్లిల్లూ తిరిగి ఎవరికైనా జ్వరాలున్నాయేమో ఆరా తీశారు. ఒక్క మరణానికి యంత్రాంగం అంతగా కదలడం అతి అనలేం. అలా కదలాల్సిందే.

వింతేమిటంటే, అదే కుటుంబానికి చెందిన మామూలు ఫ్లూ వైరస్‌లు, అంటే హెచ్1ఎన్1, హెచ్3ఎన్2, బి రకం, ఏటా మన మధ్యే తిరుగుతూ అంతకు ఎన్నో వేల రెట్ల మందిని తీసుకుపోతున్నా ఎవరూ ఉలిక్కిపడరు. ఫ్లూ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని ప్రపంచంలో ఏటా 2.9 లక్షల నుంచి 6.5 లక్షల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలో 2010-13 మధ్య మరణాల లెక్కలను జల్లెడ పట్టిన పరిశోధకులు, ఫ్లూతో ముడిపడిన శ్వాసకోశ, గుండె మరణాలు ఏటా లక్షా పాతిక వేలకు పైనే ఉంటాయని తేల్చారు. సర్కారు నిఘా లెక్కలకెక్కేవి వీటిలో పిసరంత. స్వైన్ ఫ్లూ ఉద్ధృతంగా వచ్చిన 2015లో దేశం మొత్తం మీద నిర్ధారణ అయిన కేసులు 42,592, మరణాలు 2,990. 2009 మే నెలలో హైదరాబాద్ విమానాశ్రయంలో దిగిన ఒక ప్రయాణికుడితో దేశంలోకి అడుగుపెట్టిన ఆ వైరస్సే ఇప్పుడు వానాకాలపు జ్వరాల్లో ఒకటై మన ఊళ్ళలో కాపురం పెట్టింది. పరీక్ష చేస్తేనే లెక్క. దుర్గిలోనో కారంపూడిలోనో డెబ్బై ఏళ్ళ షుగరు మనిషికి ఆగస్టులో జ్వరం, దగ్గు పట్టుకుని, అయిదో రోజుకు ఆయాసం మొదలై, పదో రోజుకు గుండె ఆగిపోతే ఇంటివాళ్ళు గుండెపోటంటారు, ఊరూ అదే అనుకుంటుంది. ముక్కులోంచి నమూనా తీసిన వాళ్ళుండరు. ఫ్లూ పేరు ఎక్కడా రాదు.

ఈ లెక్కకెక్కని మరణాల్లో కొన్నింటినైనా ఆపగల టీకా ఉంది. కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాల్లో ఎవరికి వెయ్యాలో స్పష్టంగానే రాసి ఉంది: ఆరోగ్య సిబ్బందికీ, ఎన్నో నెలైనా సరే గర్భిణులకూ, దీర్ఘరోగాలున్నవాళ్ళకూ వెయ్యాలి, 65 దాటిన పెద్దలకూ, చిన్నపిల్లలకూ వేస్తే మంచిది. కాగితం మీద ఇంత ఉదారంగా సలహా ఇచ్చిన ప్రభుత్వం, సార్వత్రిక టీకాల కార్యక్రమంలో మాత్రం దీన్ని చేర్చలేదు. అంటే వేసుకొమ్మని చెబుతుంది, వెయ్యదు. ప్రైవేటు ఆసుపత్రిలో ఒక్క డోసుకు వెయ్యి దాటుతుంది, కొన్ని రకాలకు రెండు వేల దాకా అవుతుంది. ఉపాధి హామీ కూలి రోజుకు మూడొందల చిల్లర ఉన్న చోట అది నాలుగైదు రోజుల కష్టం. పల్నాడు జిల్లాలో ఈ టీకాను ఊరి క్లినిక్కు దాకా తేవచ్చనీ, తేవడానికి కావలసిన బాట ఇప్పటికే పడి ఉందనీ, ముందుగా గర్భిణులతో, ఆ వెనక బీపీ, షుగరు, ఆయాసం ఉన్నవాళ్ళతో మొదలుపెట్టాలనీ ఈ వ్యాసం వాదన. పడిశానికి మందుగా కాక గుండెనూ పసిబిడ్డనూ కాపాడే జాగ్రత్తగా దీన్ని చూస్తే, ఇప్పుడున్న అభ్యంతరాల్లో సగం వాటంతటవే వీగిపోతాయి.

పల్నాడే ఎందుకంటే ఇక్కడి ఊపిరితిత్తులకు వేరే కష్టాలు ముందే ఉన్నాయి. పిడుగురాళ్ళ సున్నం బట్టీలు, దాచేపల్లి, మాచర్ల వైపు నాపరాళ్ళ క్వారీలు, పాలిష్ యూనిట్లు, సిమెంటు కర్మాగారాలు వేలమందికి కూడు పెడుతూ, దుమ్ము కూడా పెడుతున్నాయి. జనవరి నుంచి మిరప కోతలు. కల్లాల్లో కాయ ఆరబోసి, తాలు ఏరి, టిక్కీలకెత్తే దాకా ఘాటుకు దగ్గు ఆగదు కాబట్టి జ్వరంతో వచ్చిన దగ్గు కూడా ఘాటు ఖాతాలో పడిపోతుంది. దేశంలో ఫ్లూ ఏటా రెండుసార్లు తలెత్తుతుంది: ఒకటి వానలప్పుడు, రెండోది జనవరి-మార్చిల మధ్య. రెండోది సరిగ్గా కోతల కాలం. అప్పుడు కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు వలస వచ్చి, చేల గట్లమీద పట్టాల కింద పిల్లాజెల్లాతో ఒకే చోట పడుకుంటాయి. ఒకరి తుమ్ము పదిమందికీ పంచడానికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు వైరస్ కూడా కోరుకోదు. ఇక దూరం సంగతి. వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాల్లో నల్లమల అంచున ఉన్న తండాల్లో, చెంచు గూడేల్లో ఎవరికైనా ఊపిరందకపోతే, పెద్ద వైద్యం కావాలంటే నరసరావుపేట ప్రైవేటు ఆసుపత్రులో, గుంటూరు పెద్దాసుపత్రో దిక్కు. మాచర్ల నుంచి గుంటూరు వంద కిలోమీటర్లకు పైమాటే. వెంటిలేటర్ అంత దూరాన ఉన్న మనిషికి ముందు జాగ్రత్త విలువ, ఆసుపత్రి పక్క వీధిలో కాపురమున్నవాడికన్నా ఎక్కువ.

గుండె గురించి చెప్పిన మాటకు సాక్ష్యం కావాలి. కెనడాలోని ఒంటారియోలో పరీక్షల్లో ఫ్లూ నిర్ధారణ అయినవాళ్ళ రికార్డులను గుండెపోటు రికార్డులతో కలిపి చూశారు. ఫ్లూ తేలిన మొదటి ఏడు రోజుల్లో గుండెపోటు వచ్చే ముప్పు మామూలు రోజులకన్నా ఆరింతలు ఉన్నట్టు 2018లో ప్రచురించారు. మూడేళ్ళ తర్వాత ఇంకో అడుగు పడింది. గుండెపోటుతో ఆసుపత్రిలో చేరినవాళ్ళలో రెండున్నర వేల మందిని తీసుకుని, మూడు రోజుల లోపే సగం మందికి ఫ్లూ టీకా, సగం మందికి ఉత్త ఉప్పునీటి సూది వేసి ఏడాది పాటు కనిపెట్టి ఉంటే, టీకా పడ్డవాళ్ళలో మరణం, మళ్ళీ గుండెపోటు లాంటి గండాలు పావు వంతుకు పైగా తగ్గాయి. కారణం అర్థం కానిదేమీ కాదు. ఫ్లూ వచ్చినప్పుడు ఒళ్ళంతా వాపు పుట్టి, రక్తం గడ్డకట్టే గుణం పెరిగి, అప్పటికే పూడుకుపోతున్న రక్తనాళం మీద భారం పడుతుంది. ఇప్పుడు ఈ మాటను మన లెక్కలతో కలిపి చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెద్దవాళ్ళలో సుమారు నలుగురిలో ఒకరికి బీపీ, అయిదుగురిలో ఒకరికి షుగరు ఎక్కువ. ఊరి క్లినిక్కు దగ్గర నెలనెలా బిళ్ళల కోసం కూర్చునేది వీళ్ళే. వాళ్ళ గుండె కోసమే ఆ బిళ్ళలిస్తున్నప్పుడు, అదే గుండెకు ఏటా వచ్చే గండాన్ని గాలికొదిలెయ్యడం సగం వైద్యం.

ఇక తల్లీబిడ్డల సంగతి. ఆరు నెలలు నిండని పిల్లలకు ఫ్లూ టీకా వెయ్యరు, వేసినా అంతగా పనిచెయ్యదు. ఫ్లూ వస్తే ఆసుపత్రి పాలయ్యే అవకాశం ఎక్కువున్నది మాత్రం ఆ వయసుకే. ఈ చిక్కుముడికి దారి చూపింది మన పొరుగునున్న బంగ్లాదేశ్. అక్కడ 340 మంది గర్భిణులతో జరిగిన పరిశీలనలో, కడుపుతో ఉండగా టీకా వేయించుకున్న తల్లుల బిడ్డల్లో ఫ్లూ 63 శాతం తగ్గింది. తల్లి ఒంట్లో పుట్టిన రక్షణ మాయ ద్వారా బిడ్డకు చేరి తొలి నెలలు కాపు కాస్తుంది. అసలు గర్భిణికే ఫ్లూ ప్రమాదం. ఆ నెలల్లో ఊపిరితిత్తులకు చోటు తగ్గుతుంది, గుండెకు పని పెరుగుతుంది. 2009 నాటి స్వైన్ ఫ్లూలో ఎక్కువగా దెబ్బతిన్నవాళ్ళలో గర్భిణులూ ఉన్నారు. అది చూశాకే 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు, ఫ్లూ టీకా మొదలుపెట్టే దేశాలు గర్భిణులకే మొదటి వరస ఇవ్వాలని సిఫారసు చేశారు. ఒక్క సూదితో ఇద్దరికి రక్షణ దొరికే టీకాలు ఎన్నో లేవు.

సరే, ఎవరు వేస్తారు, ఎక్కడ వేస్తారు? దీనికి జవాబు పల్నాడులోనే ఉంది. 2023 ఏప్రిల్ 6న అప్పటి ముఖ్యమంత్రి ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది ఈ జిల్లాలోనే, చిలకలూరిపేట నియోజకవర్గం లింగంగుంట్లలో. పీహెచ్‌సీలో ఇద్దరు డాక్టర్లుండాలి, ఒకరు అక్కడే కూర్చుంటే ఇంకొకరు 104 బండిలో ఊళ్ళకు తిరగాలి, ప్రతి ఊరికీ నెలకు రెండుసార్లు వెళ్ళాలి, రెండున్నర వేల జనాభాకొక విలేజ్ హెల్త్ క్లినిక్కు ఉండాలన్నది ఏర్పాటు. తర్వాత ప్రభుత్వం మారింది, బోర్డుల మీద పేర్లు మారాయి, ఇప్పుడు అవి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలు. పేర్ల గొడవ రాజకీయ నాయకులకు వదిలేద్దాం. గోడలు, మనుషులు అవే. నర్సింగు చదివిన హెల్త్ ఆఫీసరు, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఉన్నారు. ఎవరికి బీపీ ఉంది, ఎవరికి షుగరు ఉంది, ఎవరు ఎన్నో నెల గర్భిణి అన్నది ఇంటి నంబరుతో సహా వాళ్ళ ట్యాబ్‌లో ఉంది. ప్రతి నెలా 9వ తారీఖున పీహెచ్‌సీలో గర్భిణులకు డాక్టరు పరీక్షలు చేసే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. గర్భిణికి ధనుర్వాతం రాకుండా టీడీ సూది అక్కడే వేస్తున్నారు. అదే కుర్చీలో, అదే రోజు, ఇంకో చేతికి ఇంకో సూది. కొత్తగా కట్టాల్సిన భవనం లేదు, చెయ్యాల్సిన సర్వే లేదు.

టీకా నిలవ ఉంచడం కష్టమన్న మాట వినిపిస్తుంటుంది కాబట్టి, టీకాల రోజు ఏఎన్ఎం మోసుకొచ్చే ఆ నీలం పెట్టెను కాస్త దగ్గరగా చూడాలి. లోపల నాలుగు పక్కలా నాలుగు ఐసు ప్యాకులు. ఫ్రీజర్లోంచి తీసిన ప్యాకును నేరుగా పెట్టెలో పెట్టదు. బయట ఉంచి, చెవి దగ్గర ఊపి చూసి, లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వినిపించాకే పెడుతుంది. ఎందుకంటే కొన్ని టీకాలకు ఎండ ఎంత శత్రువో గడ్డకట్టే చలీ అంతే. పిల్లల పెంటా టీకాకైనా, టీడీకైనా కావలసింది 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లదనం. ఫ్లూ టీకాకూ సరిగ్గా అదే. సీసా మీద గుండ్రటి మచ్చ మధ్యలో చిన్న చదరం ఉంటుంది; వేడి తగిలేకొద్దీ ఆ చదరం ముదురుతుంది; చుట్టూ ఉన్న రంగుతో కలిసిపోతే ఆ సీసా పారెయ్యాల్సిందే. రాష్ట్రంలోనే ఎండలకు పేరుమోసిన రెంటచింతలలో మే నెలలో కూడా పసిపిల్లలకు ఈ పద్ధతిలోనే టీకాలు పడుతున్నాయి. ఇంత నేర్పు ఉన్న చేతికి ఇంకో సీసా బరువు కాదు. పెద్దవాళ్ళకు టీకాలు వెయ్యడం అలవాటు లేదనడానికీ వీల్లేదు. 2021 జూన్ 20న ఒక్కరోజే ఆంధ్రప్రదేశ్‌లో 13 లక్షలకు పైగా కరోనా టీకాలు వేసింది ఈ సిబ్బందే.

టీకా అంత గొప్పగా పనిచెయ్యదన్నది గట్టి అభ్యంతరమే, దాన్ని దాటెయ్యకూడదు. తట్టు టీకా ఇచ్చేంత భద్రత ఫ్లూ టీకా ఇవ్వదు. వైరస్‌కూ టీకాకూ బాగా కుదిరిన ఏడాది కూడా డాక్టరు దగ్గరికి వెళ్ళేంత జబ్బు రాకుండా ఆపే శక్తి 40 నుంచి 60 శాతం మధ్యే. కుదరని ఏడాది ఇంకా తక్కువ. హర్యానాలో బల్లభ్‌గఢ్ చుట్టుపక్కల పల్లెల పిల్లల మీద మూడేళ్ళు జరిపిన పరీక్షలోనూ ఒక్కో ఏడాది ఒక్కోలా వచ్చింది. వైరస్ ఏటా వేషం మారుస్తుంది కాబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికీ సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికీ, ఏయే రకాలతో టీకా చెయ్యాలో ముందే ప్రకటిస్తుంది. అది అంచనా, ఒక్కోసారి గురి తప్పుతుంది. (ఆ టీకాల్లో చాలా భాగం కోడిగుడ్లలోనే పెంచుతారు, గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందుండే మన రాష్ట్రంలో ఫ్లూ టీకా పేరు విన్నవాళ్ళు కొద్దిమందే కావడం కాస్త విడ్డూరం.) అయినా సగం తగ్గినా లాభం లాభమే. షుగరు బిళ్ళ వేసుకున్నవాళ్ళందరికీ షుగరు అదుపులోకి రావడం లేదని ఎవరూ బిళ్ళలు ఆపెయ్యమనరు. పైగా టీకా వేసుకున్నాక కూడా ఫ్లూ వస్తే, అది ఆసుపత్రి దాకా ముదిరే అవకాశం తగ్గుతుంది. వందమందిలో అరవై మందికి పడిశం రాకుండా ఆపడం మన లక్ష్యం కాదు. ఆ వందలో బలహీనంగా ఉన్న నలుగురు గుంటూరు దాకా వెళ్ళకుండా చూడటం.

ఇంతకన్నా బరువైన ప్రశ్న డబ్బుది. తాగునీరు కలుషితమై విరేచనాలు ప్రబలే కాలనీలున్నాయి, డెంగీ ఉంది, క్లినిక్కుల్లో ఖాళీలున్నాయి, ఉన్న నిధులు వాటికి చాలనప్పుడు ఫ్లూ టీకా అవసరమా అని అడిగేవాళ్ళు తప్పు అడగడం లేదు. అందరికీ వెయ్యాలంటే ఆ ప్రశ్నకు జవాబు లేదు. అందుకే వరస కావాలి. ఇప్పటి పల్నాడు జిల్లా పరిధిలో 2011 లెక్కల ప్రకారం జనాభా 20 లక్షల పైచిలుకు. వెయ్యిమందికి ఏటా 15 కాన్పులని లెక్కేసుకుంటే గర్భిణులు 30 వేల మంది. ప్రభుత్వం టోకున కొంటే డోసు 500 రూపాయలకు దొరుకుతుందనుకున్నా, జిల్లాలో గర్భిణులందరికీ అయ్యేది కోటిన్నర. మంచినీళ్ళ పథకాన్ని ఆపేంత మొత్తం కాదది. వ్యాపారమంతా ప్రైవేటు చేతుల్లో ఉన్నప్పుడు ధర వేలల్లో ఉంటుంది; ప్రభుత్వాలు లక్షల డోసులు కొనడం మొదలుపెట్టాక ఏ టీకా ధరైనా దిగింది, పెంటా విషయంలో, న్యుమోనియా టీకా విషయంలో మనం చూసిందే. మహారాష్ట్ర 2015లోనే గర్భిణులకూ, బీపీ, షుగరు ఉన్నవాళ్ళకూ ఫ్లూ టీకా ఉచితంగా వెయ్యడం మొదలుపెట్టింది. అక్కడికి సాధ్యమైంది ఇక్కడ కాకపోవడానికి చెప్పుకోదగ్గ కారణం కనబడదు. ఇంకో మాట: జ్వరమొస్తే మన పల్లె ఇప్పటికే డబ్బు పెడుతోంది. ఆర్ఎంపీ దగ్గర ఒక సూది, ఒక సెలైను, రెండు రకాల యాంటీబయాటిక్‌లు, మూడు రోజుల పని పోవడం. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచెయ్యదు. 2023 మార్చిలో దేశమంతా హెచ్3ఎన్2 దగ్గులతో మూలుగుతున్నప్పుడు భారత వైద్య సంఘం అజిత్రోమైసిన్ లాంటివి ఇష్టమొచ్చినట్టు మింగొద్దని బహిరంగంగా హెచ్చరించాల్సి వచ్చింది. ఫ్లూకు పనికొచ్చే ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో పడితేనే పూర్తి మేలు చేస్తుంది. మన దగ్గర ఆ 48 గంటలూ సెలైను సీసా కింద గడిచిపోతాయి.

భయం సంగతి వేరు, దాన్ని లెక్కలతో కొట్టిపారెయ్యలేం. 2025 ఫిబ్రవరిలో గుంటూరు పెద్దాసుపత్రిలో గులియన్ బారే సిండ్రోమ్ అనే నరాల జబ్బుతో ఒక మహిళ చనిపోయాక జీబీఎస్ అన్న మూడక్షరాలు పల్నాడు టీ కొట్ల దాకా వచ్చాయి. ఫ్లూ టీకాకూ జీబీఎస్‌కూ ముడి ఉందన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. 1976లో అమెరికాలో స్వైన్ ఫ్లూ భయంతో నాలుగున్నర కోట్ల మందికి హడావుడిగా టీకా వేస్తే, లక్షకు ఒకరి చొప్పున అదనంగా ఈ జబ్బు కనిపించింది, కార్యక్రమం ఆపేశారు. ఆ తర్వాత దశాబ్దాల తరబడి కనిపెట్టి చూస్తే ఇప్పటి టీకాల్లో ఆ ముప్పు ఉంటే గింటే పది లక్షల డోసులకు ఒకటో రెండో. టీకా వల్ల కన్నా ఫ్లూ జబ్బు వల్ల జీబీఎస్ వచ్చే అవకాశమే ఎక్కువ. కరోనా టీకాల తర్వాత కుర్రాళ్ళు గుండె ఆగి చనిపోతున్నారన్న ప్రచారానికి, 18-45 ఏళ్ళ వాళ్ళ హఠాన్మరణాల మీద భారత వైద్య పరిశోధన మండలి జరిపిన అధ్యయనం 2023లో జవాబిచ్చింది: టీకా వల్ల ముప్పు పెరగలేదు. ఈ సంగతులు క్లినిక్కు మెట్ల మీదే, తెలుగులో, ప్రశ్న అడిగినవాళ్ళను కసురుకోకుండా చెప్పాలి. టీకా వేసుకున్న మర్నాడు చెయ్యి నొప్పి, కాస్త ఒళ్ళు వెచ్చబడటం ఉంటాయని ముందే చెప్పకపోతే, ఊరు ఆ వెచ్చదనాన్నే ఫ్లూ అంటుంది. సూదిలో ఉండేది చంపేసిన వైరస్. దానివల్ల ఫ్లూ రాదు. ఇదివరకు ఈ టీకా వేసుకున్నప్పుడు ప్రాణం మీదికి వచ్చే ఎలర్జీ వచ్చినవాళ్ళు మాత్రం దూరంగా ఉండాలి.

ఎప్పుడు వెయ్యాలన్నది పల్నాడుకు కొంచెం తిరకాసు లెక్క. దేశంలో చాలా నగరాల్లో జూలై-సెప్టెంబరు మధ్య ఫ్లూ తలెత్తితే, చెన్నై, వేలూరుల్లో ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు తర్వాత ఎక్కువవుతుంది. మనం రెండు వానలకూ తడిసేవాళ్ళం. టీకా పడ్డాక రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది, ఆరు నెలలు దాటాక బలం తగ్గుతూ పోతుంది. మేలో వేస్తే మిరప కోతల నాటికి పలచబడుతుంది, సెప్టెంబరులో వేస్తే వానజ్వరాల మొదటి సగం దాటిపోతుంది. గర్భిణికి ఈ చర్చే అక్కర్లేదు, ఏ నెలలో వచ్చినా వెయ్యాలి. బీపీ, షుగరు, ఆయాసం వాళ్ళకు జూన్ మొదట్లో, ఎండ తగ్గి వాన మొదలయ్యే వారాల్లో వెయ్యడం మేలు. సున్నం బట్టీల్లో, రాళ్ళ మిల్లుల్లో పనిచేసే దగ్గు మనుషులకు ఆ పని చోటికే 104 బండి వెళ్ళాలి. రోజు కూలి వదులుకుని వాళ్ళు క్లినిక్కుకు రారు. కోతలకు వచ్చే వలస కుటుంబాల గర్భిణులు ఇక్కడి ఏఎన్ఎం ట్యాబ్‌లో ఉండరు, సొంతూరి ఏఎన్ఎంకు అందరు. టీకాల నమోదు వేదిక యూ-విన్‌లో పేరు ఉంటే ఏ ఊళ్ళోనైనా వెయ్యవచ్చు గనుక, జనవరిలో కల్లాలకు వెళ్ళి పేర్లు రాసుకునే పని ఆశా కార్యకర్తకు అప్పగించి, దానికి విడిగా డబ్బివ్వాలి. ఊరికే చెయ్యమంటే చెయ్యరు, చెయ్యకపోవడం న్యాయం కూడా.

మామూలు ఫ్లూ టీకా కోళ్ళ ఫ్లూను ఆపదు, ఆ మాట ఖచ్చితంగా చెప్పాలి. నరసరావుపేట పాప విషయంలో ఈ టీకా చేయగలిగిందేమీ లేదు. కోళ్ళ ఫ్లూకు జాగ్రత్త వేరు: మాంసం, గుడ్డు 70 డిగ్రీలు దాటేలా బాగా ఉడకాలి, చచ్చిన కోడిని వట్టి చేత్తో ముట్టకూడదు, పచ్చి మాంసం పిల్లల చేతికి అందకూడదు. కానీ ఫారాల్లో, చికెన్ కొట్లలో పనిచేసేవాళ్ళకు మామూలు ఫ్లూ టీకా వెయ్యమని నిపుణులు చెప్పడానికి ఒక కారణముంది. ఒకే మనిషి ఒంట్లో కోడి వైరస్, మనిషి వైరస్ ఒకేసారి చేరితే అవి జన్యువులు మార్చుకుని, మనుషుల మధ్య తేలిగ్గా పాకే కొత్త రకం పుట్టే ప్రమాదం ఉంది. 1918లో కొత్తగా వచ్చిన ఫ్లూ కోటి మందికి పైగా భారతీయులను పొట్టన పెట్టుకుంది; 1911-21 మధ్య దేశ జనాభా పెరగకపోగా తగ్గడానికి అదే ముఖ్య కారణం. అప్పుడు టీకా లేదు, ఊరికో నర్సమ్మా లేదు.

కాబట్టి అడగాల్సింది అడుగుదాం. మీ ఇంట్లో గర్భిణి ఉంటే వచ్చే 9వ తారీఖున పీహెచ్‌సీలో ఫ్లూ టీకా ఉందా అని డాక్టరును అడగండి. లేదంటారు. లేదన్న మాటే కాగితం మీద పెట్టి, నరసరావుపేట కలెక్టరేట్లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. గ్రామసభలో తీర్మానం చెయ్యమని సర్పంచి దగ్గర పట్టుబట్టండి. ముప్పై వేల మంది గర్భిణులు, కోటిన్నర రూపాయలు అన్న రెండు అంకెలూ అందులో రాయండి. కొనుక్కోగల స్తోమత ఉన్నవాళ్ళు ప్రభుత్వం కోసం ఆగనక్కర్లేదు. ఇంట్లో గుండెజబ్బు, షుగరు, ఆయాసం ఉన్న పెద్దవాళ్ళకు ఈ జూన్‌లోనే డాక్టరును సంప్రదించి వేయించండి, వచ్చే జూన్‌లో మళ్ళీ వేయించండి.